దుంగల రవాణా: దగ్గరి దారిలోనే పంపుతున్నా ట్రిప్పులు ఎందుకు తగ్గుతున్నాయి?

కూపు_లెక్కలు

అందరికీ నమస్కారం. ఈ సీజన్ నుంచి మా దగ్గర దుంగల రవాణా ప్లానింగ్ నాకు అప్పగించారు. అంతకుముందు కాటా దగ్గర లెక్కలు రాసేవాణ్ణి. ఏ లారీ ఎన్ని టన్నులు తెచ్చిందో తెలిసేది గానీ, అది ఏ దారిలో ఎన్ని తిప్పలు పడి వచ్చిందో తెలిసేది కాదు. మూడు వారాలుగా ఒకటే టెన్షన్. కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ఏడు కూపుల్లో, అంటే నరకడానికి గుర్తించిన అడవి ముక్కల్లో, నరుకుడు సాగుతోంది. ఒక కోత మిల్లు, కాగితానికి గుజ్జు చేసే ఒక పల్ప్ మిల్లు. లారీలు 14. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత మ్యాప్ నుంచి రోడ్లు మ్యాపుల ప్రోగ్రాం క్యూజీఐఎస్‌లోకి తెచ్చుకున్నాను. అడవి లోపలి దారులు అందులో సగమే ఉంటే, జీపీఎస్ పట్టుకుని తిరిగి మిగతావి నేనే గీశాను. ప్రతి కూపు నుంచి ప్రతి మిల్లుకు అన్నిటికంటే తక్కువ దూరం ఉన్న దారి తీసి, ప్రింటు చేసి డ్రైవర్లకు ఇచ్చాను. కాగితం మీద లారీకి రోజుకు మూడు ట్రిప్పులు రావాలి. వస్తున్నవి రెండు. కిలోమీటరుకు తాగే డీజిల్ కూడా పెరిగింది.

అన్నిటికంటే బాధ పెడుతున్నది నాలుగో కూపు. అక్కణ్ణుంచి కోత మిల్లుకు వాగు పక్కనుంచి వెళ్తే 38 కి.మీ., గట్టు మీదుగా చుట్టూ తిరిగి వెళ్తే 51. నేను 38 రాసిచ్చాను. నిన్న ట్రిప్ షీట్లలో మీటరు రీడింగులు చూస్తే, నలుగురు డ్రైవర్లలో ముగ్గురు లోడుతో 51 కి.మీ. దారిలోనే వస్తున్నారు. కిరాయి మాత్రం 38కే వస్తోంది. అంటే 13 కి.మీ. తేడాను చేతి నుంచి పెట్టుకుని మరీ తిరుగుతున్నారు. మొదట కోపం వచ్చింది, తర్వాత భయం వేసింది. తప్పు నాదేమో అనిపించింది.

అందుకే నిన్న సాయంత్రం వాగు దారిలో లోడు లారీ ఎక్కి కూర్చున్నాను. ఒకచోట రెండు కి.మీ. ఎక్కు ఉంది. మొదటి గేరులో వెళ్తుంటే వెనక చక్రాల కింద మట్టి పలకలు పలకలుగా ఊడి వస్తోంది. సగం ఎక్కేసరికి ఎదురుగా ఖాళీ లారీ. దారి ఒక్క బండికే సరిపోతుంది. ఆ ఖాళీ బండి 300 మీటర్లు రివర్సులో వెళ్లి పక్కకు తప్పుకుంది. మేం ఆగిన చోటు నుంచి మళ్లీ కదలడానికి క్లీనర్ రెండుసార్లు చక్రాల వెనక రాళ్లు పెట్టాడు. మొత్తం 25 నిమిషాలు పోయాయి. మిల్లుకు చేరితే ముందు తొమ్మిది లారీలు వరసలో ఉన్నాయి.

దారి ఎంచుకోవడానికి దూరం కాకపోతే మరి దేన్ని కొలవాలి? మిల్లు దగ్గర ఈ క్యూ నా చేతిలో ఉన్న విషయమేనా? ఏ కూపు కలప ఏ మిల్లుకు పంపాలో కూడా నేనే తేల్చాలి. ప్రస్తుతానికి దగ్గరి మిల్లుకు పంపుతున్నాను. అది సరైనదేనా?

పాత_రూట్‌మ్యాప్

మీరు లారీ ఎక్కి కూర్చున్నారు చూడండి, సగం సమస్య అక్కడే తేలిపోయింది. పన్నెండేళ్లుగా నేనూ ఇదే పనిలో ఉన్నాను. మొదటి ఏడాదంతా కంప్యూటర్ ముందు కూర్చుని దూరాలే తీశాను.

ముందు ఆ ట్రిప్ షీట్ల సంగతి. దయచేసి వాటితో డ్రైవర్లను నిలదీయకండి. మీ దగ్గరున్న డేటాలో అంతకంటే విలువైనది లేదు. స్వీడన్‌లో దుంగల రవాణాకు క్రోంట్ వేగ్‌వాల్ అనే వ్యవస్థ ఉంది. అక్కడి అటవీ పరిశోధన సంస్థ స్కోగ్‌ఫోర్స్క్ దాని మీద పనిచేసింది. అడవి నుంచి మిల్లుకు లారీకి ఏ దారి మంచిదో, కిరాయి ఎన్ని కి.మీ.కు కట్టాలో అదే చెబుతుంది. వాళ్లూ మొదట మీలాంటి చిక్కులోనే పడ్డారు. అతి తక్కువ దూరం తీస్తే సన్నటి మట్టి రోడ్లు వస్తాయి, అతి తక్కువ సమయం తీస్తే పెద్ద చుట్టు తిరుగుళ్లు వస్తాయి. అందుకని పనిని తలకిందులు చేశారు. అనుభవం ఉన్నవాళ్లు ఇదే మంచి దారి అని ఒప్పుకున్న రూట్లను ముందు పోగుచేశారు. రోడ్డు వెడల్పుకు, ఉపరితలానికి, వంపులకు, ఎత్తుపల్లాలకు ఎంతెంత బరువు ఇస్తే కంప్యూటర్ కూడా అవే దారులు చూపిస్తుందో వెనక్కి లెక్క కట్టారు. మీ ముగ్గురు డ్రైవర్లు సొంత డబ్బు పోగొట్టుకుని మరీ మీకు అలాంటి జవాబు రాసి పెట్టారు. ముందు వాళ్ల కిరాయి 51కి సరిచేయండి. లేకపోతే రేపటి నుంచి ఆ షీట్లలో నిజం కనిపించదు.

ఇక అసలు మాట. ఒకే రోడ్డుకు రెండు ఖర్చులు ఉంటాయి, లోడుతో ఒకటి, ఖాళీగా ఒకటి. దుంగల లారీ ఎప్పుడూ ఒకవైపు నిండుగా, ఒకవైపు ఖాళీగా తిరుగుతుంది కాబట్టి మన పనిలో ఈ తేడా చాలా పెద్దది. కార్ల కోసం రాసిన వేగాలతో తీసిన దారి మనకు పనికిరాదు. ఓఎస్ఆర్ఎం లాంటి దారులు వెతికే ప్రోగ్రాంలు వాడేటప్పుడు ప్రొఫైల్ (ఏ బండి, ఎంత వేగం అన్న సెట్టింగు) మార్చకపోతే లోపల నడిచేది కారు లెక్కే.

మీ నాలుగో కూపునే తీసుకుందాం. వాగు దారి 38 కి.మీ.లో మట్టి ఎంత? మీరు రాయలేదు. 17 అనుకుంటాను. గట్టు దారిలో మట్టి ఆరు, మిగతా 45 తారు అనుకుందాం. లోడుతో మట్టి మీద గంటకు 15, తారు మీద 45 వేసుకోండి. వాగు దారి 68 నిమిషాలు, 28 నిమిషాలు, మొత్తం 96. గట్టు దారి 24, 60, మొత్తం 84. దూరం 13 కి.మీ. ఎక్కువైనా 12 నిమిషాలు ముందే చేరుతుంది. ఇప్పుడు ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు చూడండి. మట్టి మీద 25, తారు మీద 55 వేసుకుంటే రెండు దారులూ ఇంచుమించు 64 నిమిషాలే. సమయం ఒకటే అయినప్పుడు దూరం తక్కువున్న వాగు దారిలో తిరిగి రావడం మేలు.

అంటే లోడుతో గట్టు మీదుగా వెళ్లాలి, ఖాళీగా వాగు పక్క నుంచి రావాలి. ఇలా చక్రం తిప్పితే ఇంకో లాభం ఉంది. ఆ ఒంటి బండి దారిలో ఎదురు లారీయే రాదు. మీరు చూసిన 25 నిమిషాలు ఇక ఉండవు. నా అనుభవంలో అడవి లోపల వన్‌వే చక్రం వేయగలిగిన చోటల్లా మొదటి వారంలోనే తేడా తెలిసింది. రెండు దారులూ కలిసే చివరి ముక్కలో మాత్రం బండ్లు తప్పుకునే చోట్లు గుర్తుపెట్టి బోర్డు పెట్టండి.

ఈ లెక్క కంప్యూటర్‌కు చెప్పడం కష్టమేమీ కాదు. పీజీరౌటింగ్ అనే ప్రోగ్రాంలో ప్రతి రోడ్డు ముక్కకూ వెళ్లే ఖర్చు, వచ్చే ఖర్చు అని రెండు గడులు ఉంటాయి. లోడు బండికి ఒక పట్టిక, ఖాళీ బండికి ఒక పట్టిక చేసి, రెండుసార్లు డైక్‌స్ట్రా (అతి తక్కువ ఖర్చు దారి వెతికే లెక్క) నడపండి. 1959లో వచ్చిన పద్ధతి అది, ఈ పనికి ఇప్పటికీ సరిపోతుంది. దానికి మనం ఇచ్చే ఖర్చులు నిజమైనవైతే చాలు.

ఎక్కుల గురించి ఒక చిన్న లెక్క. లోడుతో కలిపి 40 టన్నుల బండి నిట్టనిలువుగా 100 మీటర్ల ఎత్తు ఎక్కాలంటే, ఆ ఎత్తు కోసమే సుమారు 39 మెగాజౌళ్ల శక్తి కావాలి. లీటరు డీజిల్‌లో 36 ఉంటాయి గానీ ఇంజిన్ దాన్లో 40 శాతం వరకే చక్రాలకు అందిస్తుందనుకుంటే, రెండు లీటర్ల ముప్పావు వరకు తాగుతుంది. అదే 15 టన్నుల ఖాళీ బండికి లీటరు చాలు. కాబట్టి ఒక దారిలో లోడుతో దిగి ఖాళీగా ఎక్కే వీలుంటే దాన్ని వదలకండి. ఎత్తులకు ఎస్ఆర్‌టీఎం డేటా వాడేట్టయితే జాగ్రత్త. 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో కొలిచిన ఎత్తులవి. దట్టమైన అడవిలో ఆ రాడార్ నేల దాకా పోకుండా చెట్ల కొమ్మల దగ్గరే వెనక్కి తిరిగిన చోట్లు ఉంటాయి. అడవి అంచున లేని ఎక్కు ఉన్నట్టు చూపిస్తుంది. జీపీఎస్ ట్రాకులతో సరిచూసుకోండి.

క్యూ సంగతి రాత్రికి రాస్తాను. ఈలోగా ఒక పని చేయండి. నాలుగు లారీలకు రెండు రోజులు గడియారం పట్టుకుని లోడింగు, ప్రయాణం, ఎదురుచూపు, దింపడం, తిరుగు ప్రయాణం విడివిడిగా రాయించండి.

పద్దెనిమిది_చక్రాలు

తమ్ముడూ, నేను డ్రైవర్‌ని. పైన చెప్పిన లెక్కలన్నీ సరైనవే. మ్యాప్‌లో కనపడని నాలుగు మాటలు నేను చెప్తాను.

నీ వాగు దారిలో మీ డ్రైవర్లు భయపడేది ఎక్కు ఒక్కటే అయ్యుండదు. ఎక్కు ఉందంటే ఎక్కడో దిగుడూ ఉంటుంది. లోడుతో దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టి దిగితే లైనర్లు కాలిన వాసన వస్తుంది, ఆ తర్వాత బ్రేకు పట్టదు. చిన్న గేరులో, ఇంజిన్ బ్రేకు మీద దిగాలి. అలా దిగాలంటే టైం పడుతుంది. నీ కాగితం మీద దిగుడుకు ఎక్కువ స్పీడు రాసి ఉంటే అది తప్పు. నిట్రంగా దిగే చోట లోడు బండి స్పీడు ఎక్కే స్పీడు కంటే పెద్ద ఎక్కువేమీ ఉండదు.

రెండోది, మట్టి అన్నిచోట్లా ఒకేలా ఆరదు. కొండకు ఎండ తగలని వైపు, చెట్ల నీడ పడే వంపుల్లో, మధ్యాహ్నం దాకా తడే. పొద్దున ఆరింటికి మంచు పడిన బంకమట్టి మీద లోడు బండి, సబ్బు మీద కాలు పెట్టినట్టే. అదే చోట పదకొండుకు హాయిగా వెళ్లిపోవచ్చు. కాబట్టి ఒకే రోడ్డుకు పొద్దున ఒక స్పీడు, మధ్యాహ్నం ఒక స్పీడు వేసుకో.

మూడోది, కూపులో బండి తిప్పుకునే చోటు. అది లేకపోతే ట్రైలర్‌ను నాలుగు వందల మీటర్లు వెనక్కి నడపాలి. ఒక్కసారి పక్క కాలవలో చక్రం దిగిందా, ఆ పూట ఆ కూపు మూసేసినట్టే. దుంగలు పేర్చే డంపు ఎక్కడ పెట్టాలో నరికేవాళ్లు తేల్చేస్తారు, బండి తోలేవాణ్ణి ఎవరూ అడగరు. నువ్వు అడుగు.

నాలుగోది, వంపులు. ముందు బండి తిరిగిన చోట వెనక ట్రైలర్ లోపలికి కోసుకుంటూ వస్తుంది. పొడుగు దుంగలైతే వెనక కొసలు బయటికి చీపురులా ఊడుస్తాయి. వంపులో లోపలి వైపు కల్వర్టు గోడ ఉంటే అక్కడ ఎంత పొడుగు బండి తిరుగుతుందో నిలబడి చూసి రాసుకో. కొన్ని దేశాల్లో ఖాళీగా వచ్చేటప్పుడు ట్రైలర్‌ను మడిచి లారీ వీపు మీదే ఎక్కించుకుంటారు. బండి పొట్టిగా అయిపోతుంది, ఎగరదు, టైర్లూ అరగవు. మీ బండ్లకు ఆ వీలు లేకపోతే ఖాళీగా వచ్చేటప్పుడు మట్టి రోడ్డు మీద స్పీడు తగ్గించమను. ఖాళీ బండి ఎగిరెగిరి పడే కొద్దీ రోడ్డు మీద రేకులా మడతలు పడతాయి. ఆ మడతల మీదే మళ్లీ లోడుతో పోవాలి.

టైర్ల గాలి గురించి కూడా చెప్పాలి. మట్టి మీద గాలి కాస్త తగ్గిస్తే టైరు నేలను వెడల్పుగా పట్టుకుంటుంది, బురదలో దిగబడదు. తారెక్కాక మళ్లీ నింపాలి. క్యాబిన్‌లో కూర్చునే గాలి మార్చే ఏర్పాటున్న బండ్లు ఉన్నాయి. అవి లేనివాళ్లు ఈ పని చేయొద్దు. గాలి తక్కువతో తారు మీద స్పీడుగా పోతే టైరు వేడెక్కి పేలుతుంది.

కంకర_పొర

నేను రోడ్ల పనిలో ఉన్నాను. ఒక్క విషయం చెప్పి వెళ్తాను. ట్రిప్పులు తగ్గాయని లారీకి ఎక్కువ దుంగలు వేయమని ఎవరైనా ఒత్తిడి చేస్తారు, తప్పకుండా చేస్తారు. ఒప్పుకోకండి.

1958 నుంచి 1960 దాకా అమెరికాలో, ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఒట్టావా దగ్గర, ఆషో రోడ్ టెస్ట్ అని చేశారు. కొత్తగా రోడ్లు వేసి, రకరకాల బరువులతో లారీలను అదేపనిగా తిప్పి రోడ్డు ఎలా పాడవుతుందో కొలిచారు. దాన్నుంచి వచ్చిందే నాలుగో ఘాతం సూత్రం. ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టం రెండు రెట్లు కాదు, సుమారు 16 రెట్లు. 20 శాతం ఎక్కువ వేస్తే నష్టం రెట్టింపు దాటుతుంది. అక్కడ పరీక్షించినవి తారు, కాంక్రీటు రోడ్లు. తడిసిన మట్టి రోడ్డు ఇంకా త్వరగా కుంగిపోతుంది.

దీన్నే ప్లానింగ్‌లోకి తీసుకురండి. మంచు దేశాల్లో వసంతంలో నేల కరిగే వారాల్లో కంకర రోడ్ల మీద బరువు పరిమితులు పెడతారు, కొన్ని రోడ్లు మూసేస్తారు. అందుకని ఆ లోపే మిల్లు యార్డులో నిల్వ పెంచుకుంటారు. వానలున్న చోటా అదే పద్ధతి. కూపుల్ని దూరం వరసలో కాకుండా రోడ్డు వరసలో నరికించండి. మట్టి దారి కూపులు పొడి నెలల్లో ఖాళీ చేయాలి, తారుకు ఆనుకుని ఉన్న కూపుల్ని వాన రోజుల కోసం దాచుకోవాలి. సులువని ముందే మంచి రోడ్డు కూపు ఖాళీ చేసి, వాన మొదలయ్యాక చూస్తే చేతిలో బురద దారులు మాత్రమే మిగిలి, మిల్లు ఆగిపోయిన సందర్భం నేను కళ్లారా చూశాను.

కూపు_లెక్కలు

అందరికీ చాలా థ్యాంక్స్. పాత_రూట్‌మ్యాప్ గారూ, మీరు వేసిన 17 కి.మీ. మట్టి అంచనా దాదాపు సరిపోయింది. నా కొలతలో 16.4.

రెండు రోజులు గడియారం పెట్టించాను. లోడింగు 40 నిమిషాలు, దింపడం 30. మిల్లు గేటు దగ్గర ఎదురుచూపు సగటున 50. అన్ని లారీలూ పొద్దున ఆరింటికే బయల్దేరుతున్నాయి కాబట్టి తొమ్మిదిన్నర, పదిన్నర మధ్య అన్నీ ఒకేసారి వచ్చి పడుతున్నాయి. మధ్యాహ్నం రెండింటికి వెళ్తే గేటు దగ్గర ఒక్క బండీ లేదు, క్రేన్ ఆపరేటర్ నీడలో కూర్చుని ఉన్నాడు.

అన్నా, డంపు గురించి మీరు చెప్పింది నిజం. మూడో కూపులో తిప్పుకునే చోటే లేదు. ఇన్నాళ్లూ ఎవరూ నాతో అనలేదు, నేనూ అడగలేదు.

పాత_రూట్‌మ్యాప్

మీ అంకెలతోనే కూడి చూద్దాం. కొత్త చక్రంలో లోడు ప్రయాణం 84, ఖాళీ ప్రయాణం 64, లోడింగు 40, దింపడం 30. మొత్తం 218 నిమిషాలు, అంటే 3 గంటల 38 నిమిషాలు. మూడు ట్రిప్పులు 10 గంటల 54 నిమిషాల్లో అవుతాయి. ఇందులో 50 నిమిషాల క్యూ కలిపితే ట్రిప్పు 4 గంటల 28 నిమిషాలు, మూడు ట్రిప్పులు 13 గంటలు దాటుతాయి. మీ మూడో ట్రిప్పు పోతున్నది మిల్లు గేటు దగ్గరే.

చిలీ దేశంలో అటవీ కంపెనీలకు ఇదే ఇబ్బంది ఉండేది. లారీలన్నీ ముందొచ్చిన వాళ్లకు ముందు అన్న పద్ధతిలో వెళ్లి క్యూల్లో పడేవి. 1990ల్లో అక్కడ అసికాం అనే వ్యవస్థ తెచ్చారు. మర్నాడు ఏ లారీ ఏ కూపులో ఎన్నింటికి లోడెత్తాలో, మిల్లుకు ఎన్నింటికి చేరాలో ముందు రోజే లెక్కగట్టి ఇచ్చేది. అక్కడి పరిశోధకుడు ఆండ్రెస్ వైన్‌ట్రాబ్, ఆయన బృందం అటవీ కంపెనీలతో కలిసి చేసిన పనికి 1998లో, లెక్కలతో నిర్ణయాలు మెరుగుపరిచిన పనులకు ఇచ్చే ఎడెల్‌మన్ బహుమతి వచ్చింది. అంత పెద్ద ప్రోగ్రాం మీకు అక్కర్లేదు. ఒక స్ప్రెడ్‌షీట్ తీసుకోండి. నిలువుగా అరగంట గడులు, అడ్డంగా మిల్లు క్రేన్, ఒక్కో కూపు లోడర్. ఒక గడిలో ఒక లారీయే ఉండాలి. మిల్లు వైపు నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ బయల్దేరే సమయం రాయండి. దూరపు కూపు లారీ ఐదింటికి, దగ్గరి కూపు లారీ ఏడున్నరకు కదులుతుంది. కొన్ని లారీలను సాయంత్రమే లోడెత్తించి యార్డులో ఆపుకుంటే పొద్దున గేటు తెరిచేసరికి అవి దించేసుకుంటాయి, క్రేన్‌కు మొదటి గంట వృథా కాదు.

మూడో ట్రిప్పు అందరికీ రాయకండి. 10 గంటల 54 నిమిషాల ప్లాన్ అంటే డ్రైవర్ అన్నం తినే వేళ కూడా లేనట్టు. యూరప్ నిబంధనల్లో రోజుకు డ్రైవింగు మామూలుగా 9 గంటలు, నాలుగున్నర గంటల డ్రైవింగుకు 45 నిమిషాల విరామం తప్పనిసరి. మీ చోట నిబంధన ఏదైనా, ఆ విరామాన్ని గడుల్లో ముందే రాసేయండి. నిద్ర కళ్లతో 40 టన్నులు తోలించే ప్లాన్ ఏ లెక్కలోనూ మంచిది కాదు. నాకు దీని మీద రాజీ లేదు.

ఇక మీ మూడో ప్రశ్న. దగ్గరి మిల్లుకు పంపడం సహజంగా సరైనదే అనిపిస్తుంది, చాలాసార్లు తప్పవుతుంది. రెండు మిల్లులూ తీసుకునే ఒకే రకం దుంగలు ఉన్నాయనుకోండి. ఒక కూపు నుంచి మొదటి మిల్లు 20 కి.మీ., రెండోది 30. ఇంకో కూపు నుంచి మొదటిది 25, రెండోది 60. మొదటి మిల్లుకు ఒక కూపు సరుకే పడుతుంది. మొదటి కూపును దానికి దగ్గరి మిల్లుకు పంపితే 20, రెండో కూపుకు ఇక 60 తప్పదు, మొత్తం 80. మొదటి కూపును కాస్త దూరం, 30 కి.మీ. పంపితే రెండోది 25తో సరిపోతుంది, మొత్తం 55. రెండు కూపులకే ఇంత తేడా ఉంటే ఏడు కూపులకు కంటితో తేలదు. దీన్నే రవాణా సమస్య అంటారు, 1941లోనే గణితవేత్త హిచ్‌కాక్ రాశాడు. స్ప్రెడ్‌షీట్‌లో ఉండే, అతి తక్కువ ఖర్చు పంపకాన్ని వెతికే సాల్వర్‌తో మీ ఏడు కూపులు, రెండు మిల్లుల లెక్క క్షణంలో తేలుతుంది. పంచిపెట్టడం ముందు, దారులు తర్వాత, గడియారం చివర. ఈ వరస మారితే ప్రతిదీ మళ్లీ చేయాలి.

లారీ రూట్ల సాఫ్ట్‌వేర్లు చూసి మోసపోకండి. వాటిలో చాలావరకు ఒక బండి పది ఇళ్లకు తిరిగి పార్సిళ్లు ఇచ్చే పనికి చేసినవి. మన లారీ ఒక్క కూపులోనే నిండిపోతుంది, ఒక్క మిల్లులోనే ఖాళీ అవుతుంది. మనం వెతకాల్సింది ఖాళీ ప్రయాణాలకు జత. మీకు కోత దుంగలు, పల్ప్ దుంగలు రెండూ ఉన్నాయి కాబట్టి అవకాశం కచ్చితంగా ఉంటుంది. కోత మిల్లుకు దగ్గరున్న కూపు పల్ప్ దుంగలు 60 కి.మీ. దూరంలోని పల్ప్ మిల్లుకు వెళ్తున్నాయనుకోండి. పల్ప్ మిల్లు నుంచి 12 కి.మీ.లో ఉన్న ఇంకో కూపు కోత దుంగలు 55 కి.మీ. ఇవతలికి, కోత మిల్లుకు వస్తున్నాయి. రెండు లారీలు విడివిడిగా తిరిగితే 230 కి.మీ., అందులో లోడుతో 115. ఒకే లారీ పల్ప్ దించి, 12 కి.మీ. ఖాళీగా వెళ్లి కోత దుంగలు ఎత్తుకుని వచ్చి, మళ్లీ 10 కి.మీ.లో మొదటి కూపుకు చేరితే మొత్తం 137. లోడుతో నడిచింది అదే 115. మిగిలిన 93 కి.మీ. మీరు ఇన్నాళ్లూ గాలిని మోసినవి.

స్వీడన్‌లో స్కోగ్‌ఫోర్స్క్ వాళ్ల ఫ్లో‌ఆప్ట్ ఇలాంటి జతలు వెతుకుతుంది. రెండు కంపెనీలు కలప మార్చుకుంటే ఎంత మిగులుతుందో కూడా చూపిస్తుంది. 2005 జనవరిలో గుడ్రున్ తుపాను దక్షిణ స్వీడన్‌లో సుమారు 7.5 కోట్ల ఘనమీటర్ల చెట్లను పడగొట్టింది. పురుగు పట్టకముందే అంత కలప బయటికి లాగాలి, లారీలు చాలవు. అప్పుడు స్వెయాస్కోగ్ కంపెనీ ఏ కలప ఎటు, దేని మీద పంపాలో ఈ సాధనంతోనే చూసుకుంది. మీ దగ్గర జత వేసేముందు ఒకటి సరిచూసుకోండి. ఒకే ట్రైలర్ రెండు పొడుగుల దుంగలూ మోయగలగాలి. దుంగలు జారకుండా ట్రైలర్ పక్కల ఉండే నిలువు కమ్మీల మధ్య దూరం సరిపోకపోతే ఈ లెక్కంతా కాగితం మీదే ఉండిపోతుంది.

పచ్చి దుంగల బరువు మీద కూడా ఒక కన్నేయండి. నరికిన వెంటనే బరువులో సగం దాకా నీళ్లే ఉండొచ్చు. సగం నీళ్లున్న 25 టన్నుల లోడులో ఎండు కలప పన్నెండున్నర టన్నులు. అదే 35 శాతానికి ఆరితే అదే 25 టన్నుల్లో పదహారు టన్నుల పైచిలుకు కలప వస్తుంది. బరువు పరిమితి కంటే ముందే బండి నిండిపోతే ఈ లాభం రాదు. కోత దుంగల్ని మాత్రం ఇలా ఆరడానికి ఆపకండి, పగుళ్లు వస్తాయి, మచ్చ పడుతుంది. ఆపితే పల్ప్ దుంగలే, అదీ మిల్లు వాళ్లు ఒప్పుకుంటేనే.

కూపు_లెక్కలు

రెండు వారాల తర్వాత వచ్చాను, జరిగింది రాస్తాను.

డ్రైవర్లతో కూర్చుని కిరాయి 51 కి.మీ.కు మార్పించాను, పాత తేడా కూడా ఇప్పించాను. ఆ రోజు నుంచి వాళ్లే వచ్చి చెబుతున్నారు, ఎక్కడ గుంత పడింది, ఎక్కడ కొమ్మ వంగింది అని. మ్యాప్‌లో ఇప్పటికి 31 చోట్లు గుర్తుపెట్టాను.

నాలుగో కూపులో వన్‌వే చక్రం నడుస్తోంది. ఎదురు బండ్ల గొడవ లేదు. నాలుగు లారీల్లో రెండింటికి రోజూ మూడో ట్రిప్పు పడుతోంది, మిగతా రెండింటికి రోజు విడిచి రోజు. క్యూ సగటున 50 నుంచి 20 నిమిషాలకు వచ్చింది. అరగంట గడుల పట్టికను మొదట మిల్లు గేటు వాళ్లు పట్టించుకోలేదు. క్రేన్ ఆపరేటర్‌కు కూడా ఒక కాపీ ఇచ్చాక దారిలో పడింది. సాల్వర్‌తో చూస్తే రెండో కూపు పల్ప్, ఆరో కూపు కోత దుంగలు జత కుదిరాయి. మూడు ట్రైలర్లకే కమ్మీలు సరిపోతున్నాయి, వాటితోనే మొదలుపెట్టాం. మూడో కూపులో తిప్పుకునే చోటు కోసం డంపును 80 మీటర్లు ఇవతలికి జరిపించాను. తారు పక్కనున్న ఏడో కూపులో నరుకుడు ఆపించి వానలకు ఉంచాను. అది ఒప్పించడానికే నాలుగు రోజులు పట్టింది.

ఒక్క అనుమానం మిగిలింది. వాగు దారిలో ఇప్పుడు ఖాళీ బండ్లే వస్తున్నాయి కదా, వానలు మొదలయ్యాక కూడా ఆ దారి ఉంచవచ్చా?

పద్దెనిమిది_చక్రాలు

కిరాయి సరిచేశావంటే మంచి పని చేశావు తమ్ముడూ.

ఖాళీ బండికైనా అక్కడ నీళ్లు ఎటు పోతున్నాయో చూడందే చెప్పలేం. వాగు పక్క రోడ్డంటే కల్వర్టులే ప్రాణం. రేపు పొద్దున ఒక పార పట్టుకుని, ఒక మనిషిని తోడు తీసుకుని, ప్రతి పైపు దగ్గరా దిగి రెండు వైపుల నుంచీ చూడు. అవతలి వెలుతురు కనపడితే సరే. కనపడకపోతే కొమ్మలో, మట్టో అడ్డం పడి ఉంటుంది, ఈ వారంలోనే తీయించు. పైపు మీద మట్టి కుంగి పళ్లెంలా గుంత ఉంటే పైపు పగిలిందని గుర్తు, దాని మీద ఖాళీ బండినైనా పంపొద్దు. మొదటి పెద్ద వాన పడిన మర్నాడు నడిచి చూసొచ్చి, ఆ తర్వాతే బండ్లు వదులు.